మైకు కట్టేయని ఆదివారం

రెండో అంతస్తు, వీధి వైపు గది
డిసెంబరు, బుధవారం

వదినకి,

నిన్న ఫోను నేనే పెట్టేశాను. లైను తెగిందని అనుకుని ఉంటావు. తెగలేదు.

ఇకమీదట మన మధ్య మాటలేవైనా ఉంటే కాగితం మీదే. ఫోనులో నీ గొంతు వింటే నేను అనాల్సింది అనలేను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. కాగితం మీద నాకెవరూ ఎదురు నిలవలేరు, నువ్వు అసలే నిలవలేవు.

సూటిగా అడుగుతాను. మార్చిలో బాప్తిస్మం తీసుకుంటానన్నావు. అదీ నవ్వుతూ అన్నావు. అన్నయ్య పోయి ఇంకా పది నెలలే.

ఇరవై రెండేళ్లు ఆ ప్రార్థన మందిరం మైకుసెట్టు చూసుకున్నది అన్నయ్యే. ఆదివారం తప్పకుండా వెళ్లేవాడు, గుమ్మం మాత్రం దాటేవాడు కాదు. వరండాలో స్టూలు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, సెట్టు ముందు కూర్చునేవాడు. "మాటలు వాళ్లవి, శబ్దం నాది" అనేవాడు. దేవుడు లేడని బల్ల గుద్ది చెప్పిన మనిషి. ఆయన భార్య ఆ వరండా దాటి లోపలికెళ్లి నీళ్లలో మునుగుతుందా? ఎవరైనా వింటే నవ్విపోరూ?

ఏం జరిగిందో రాయి. దాచకుండా రాయి. అరవై నాలుగేళ్లొచ్చాక నీకు ఈ బుద్ధి ఎక్కణ్ణించి పుట్టిందో నాకు తెలియాలి.

నీ ఆడపడుచు

*

షాపు పైన గది
డిసెంబరు, ఆదివారం మధ్యాహ్నం

టీచరమ్మా,

ఉత్తరం అందింది. ఎర్ర ఇంకుతో రాయనందుకు సంతోషం.

నువ్వు మొగుడి చెల్లెలివి. నామీద కోప్పడే హక్కు పెళ్లినాడే నీ చేతికిచ్చేశారు. కాబట్టి కోప్పడు, కాదనను. కానీ ముందు జరిగింది విను.

సెప్టెంబరులో ఒకరోజు మందిరం పాస్టరుగారు మన మెట్లెక్కి వచ్చారు. బక్కపలచని మనిషి, చొక్కాకి ఎప్పుడూ ఒక గుండీ ఊడే ఉంటుంది. సెట్టు గుయ్యిమంటోందట. ఎవరో మెకానిక్‌ని పిలిస్తే, ఈ పాత సామాను మొత్తం పీకేసి కొత్తది పెట్టుకోమన్నాడట. మీ అన్న చేత్తో కట్టిన సెట్టుని పాత సామానంటాడా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. టెస్టరూ స్క్రూడ్రైవరూ సంచీలో పడేసుకుని ఆయన కంటే ముందు నేనే మెట్లు దిగాను. నేను అక్కడికి దేవుడి కోసం వెళ్లలేదు తల్లీ, ఎర్త్ వైరు కోసం వెళ్లాను.

ముప్పై ఎనిమిదేళ్లు రేడియో రిపేరు షాపులో మీ అన్న పక్కన కూర్చుని వైర్లు ఒలిచినదాన్ని, ఆ పని నాకూ వచ్చు. మోత ఎక్కణ్ణించి వస్తోందో పట్టుకోవాలంటే ఎవరో మైకులో మాట్లాడుతుండాలి, మనం హెడ్‌ఫోను పెట్టుకుని ఒక్కో వైరూ కదిపి చూడాలి. మాట వెనకాల ఉన్న మోతని వినాలి. మీ అన్నకి మాటని వదిలేసి మోతని మాత్రమే పట్టుకునే చెవి ఉండేది. నాకు లేదు. రెండూ లోపలికి వచ్చేశాయి.

మూడు ఆదివారాలు పట్టింది. మూడోవారం, వరండాలో సెట్టు పక్కన చిన్న మైకు ఉంటుంది చూడు, ప్రకటనలు చదివేది, దాన్ని పరీక్షించి స్విచ్చి ఆపకుండా అలాగే వదిలేశాను. ముప్పై ఎనిమిదేళ్లు మైకుసెట్టు మేస్త్రి పక్కన పనిచేసి, మైకు కట్టేయడం మర్చిపోయాను!

ఆరోజు పాస్టరుగారు ఒక ఇంటి కథ చెబుతున్నారు. ఆ ఇంట్లో తమ్ముడు జబ్బుపడ్డాడు, అక్కలు యేసుకి కబురు పెట్టారు. ఆయన తీరిగ్గా వచ్చాడు. వచ్చేసరికి తమ్ముణ్ణి పూడ్చిపెట్టి నాలుగు రోజులైంది. ఇంత ఆలస్యమా అని అక్కలు ఆయన్ని నిలదీశారట. చేతిలో టెస్టరు పట్టుకుని నాలో నేను అనుకున్నాననుకున్నాను. పైకే అనేశాను.

"వాళ్లింటికి కనీసం నాలుగు రోజులకైనా వెళ్లావు. మా ఇంటికి అసలే రాలేదేం? దారి తెలీలేదా? సందు చివర షాపు, బోర్డు కూడా ఉందిగా! నా మనిషి బల్ల మీద తల వాల్చేసి పడుంటే ఎక్కడున్నావయ్యా నువ్వు?"

ఆ సెట్టుకి నాలుగు హారన్ స్పీకర్లు. ఒకటి బయట గోడ మీద, వీధంతా వినపడేది. నా గొంతు నాకే తిరిగొచ్చి చెవిలో పడింది. చచ్చాననుకున్నాను. ఇప్పుడు తన్ని తరిమేస్తారు, సెట్టు కూడా పీకేస్తారు, మీ అన్న పని నా నోటివల్ల పోయింది అనుకున్నాను.

పాస్టరుగారు పుస్తకం మూశారు. వేదిక మెట్టు మీద కూర్చున్నారు. "అమ్మా, ఆపకండి. మా అమ్మాయి పోయిన దగ్గర్నించీ నేనూ ఇదే అడుగుతున్నాను. మూడేళ్లయింది. నా దగ్గర జవాబు లేదు. అడుగుతూనే ఉన్నాను" అన్నారు.

అంతమందిలో ఒక్కరు కూడా 'రాసిపెట్టి ఉంది' అనలేదు. 'ధైర్యం తెచ్చుకో' అనలేదు. ఒక రిటైరైన నర్సమ్మ మాత్రం లేచొచ్చి వరండాలో నా పక్కన నేలమీద కూర్చుంది. మోకాళ్లు పట్టేసే మనిషి, తరవాత ఇద్దరు పట్టుకుంటేగానీ లేవలేకపోయింది. నా ఏడుపు ఆగేదాకా ఎవరూ పాట ఎత్తుకోలేదు.

మొదలు అలా పడింది. దాచకుండా రాయమన్నావు, రాశాను.

మీ వదిన

*

రెండో అంతస్తు, వీధి వైపు గది
జనవరి, సోమవారం

వదినా,

రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్లు చెమర్చిన మాట నిజం. రెండోసారి ఒళ్లు మండింది.

మైకు కట్టేయడం మర్చిపోయినందుకు ఎవరైనా మతం పుచ్చుకుంటారా? మర్చిపోతే నాలిక కరుచుకుని, వైర్లు చుట్టుకుని ఇంటికి రావాలి. నలుగురు నోరు మూసుకుని కూర్చుంటే అదే నీకు మహిమైపోయిందా? నేను క్లాసులో బెత్తం బల్లకేసి కొడితే అరవైమంది నోరు మూసుకునేవాళ్లు, నన్నెవరూ పూజించలేదే!

నీకు తెలియడం లేదు గానీ అది వల. దుఃఖంలో ఉన్న మనిషి మెత్తగా ఉంటుంది. పక్కన కూర్చుంటే చాలు, జారి ఒళ్లో పడుతుంది. ఆ నర్సమ్మకి మోకాళ్ల నొప్పులు నిజమే కావచ్చు, పాస్టరు దుఃఖమూ నిజమే కావచ్చు. నిజమైన దారాలతో కూడా వల అల్లొచ్చు.

అన్నయ్య ఏమనేవాడో గుర్తులేదా? "దేవుడి గొంతు ఏ వైరులో వస్తుందో చూపించండి, ఆ వైరు నేనే కలుపుతాను" అనేవాడు. ఎండలో, వానజల్లులో వరండాలోనే కూర్చున్నాడు తప్ప లోపలికి రమ్మంటే వెళ్లలేదు. మర్యాదగా కాదన్నాడు, ఇరవై రెండేళ్లు కాదన్నాడు. నువ్వు ఏడాది కూడా ఆగలేకపోయావు.

వినేవాళ్లుంటే సలహా చెబుతాను, వినకపోతే తెగేసి చెబుతాను. ఇది రెండోది. మార్చిలో ఆ నీళ్లలోకి దిగావా, నీకూ నాకూ ఇంక ఏమీ లేదు. నా గుమ్మం తొక్కకు, నీ గుమ్మం నేను తొక్కను. అన్నయ్య తరపున మిగిలినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన మాట నిలబెట్టాల్సింది కూడా నేనే.

నీ ఆడపడుచు

*

కింద షాపు, మీ అన్న బల్ల దగ్గర
జనవరి, శుక్రవారం

టీచరమ్మా,

వల అన్నావు. అరవై నాలుగేళ్ల ముసలిదాన్ని, ఒంట్లో ముళ్లు తప్ప కండ లేదు. నన్ను పట్టుకుని వాళ్లు ఏం వండుకుంటారు?

నా మాటా తెగేసే చెబుతాను. ఆరోజు నాకు ఏ వెలుగూ కనిపించలేదు. ఏడ్చాను, ముక్కు తుడుచుకున్నాను, ఎర్త్ వైరు బిగించి ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున షట్టరు ఎత్తుతూ మళ్లీ తిట్టాను. ఆ మర్నాడూ అంతే. పాస్టరుగారు అడుగుతూ ఉండమన్నారుగా, దాన్ని నేను తిడుతూ ఉండమన్నట్టు తీసుకున్నాను. సోల్డరింగ్ కడ్డీ వేడెక్కేలోపు ఒక విడత, టీ తాగుతూ ఇంకో విడత. "ఆరోగ్యంగా ఉన్న మనిషిని తీసుకెళ్లి ఏం బాగుపడ్డావు? నీకు మైకుసెట్టు కావాలంటే నన్నడగొచ్చుగా, ఇద్దరం కలిసి వచ్చి కట్టేవాళ్లంగా?" అని ఒకసారి అడిగాను. ఆ మాటకి నాకే నవ్వొచ్చింది.

నెలన్నర తిట్టాక ఒకరోజు చేతిలో పని ఆగిపోయింది. లేనివాణ్ణి ఎవరైనా రోజూ ఇలా తిడతారా అనిపించింది. గోడని తిట్టినట్టు లేదు, తిట్టి తిట్టి పరిచయం పెరిగినట్టు ఉంది. ఇంకో మాట అనబోతే నోట్లో మాట లేదు. ఉన్న కోపమంతా అయిపోయింది. అయిపోయినచోట ఎవరో ఉన్నారు. నేను అన్నదంతా విని, లేచి వెళ్లిపోకుండా కూర్చున్నవాళ్లు.

అంతకంటే నాకు చెప్పడం రాదు. అది ఏ వైరులో వచ్చిందని అడక్కు, నాకూ తెలీదు. సంతోషంగా ఉంది. సిగ్గుపడకుండా రాస్తున్నాను, సంతోషంగా ఉంది. మీ అన్న తిరిగొచ్చాడని కాదు, రాడు. బల్ల దగ్గర ఆయన కుర్చీ ఖాళీయే. ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చుని కూడా మనిషికి ఇంత సంతోషం కలుగుతుందా అని నేనే నోరెళ్లబెట్టాను.

ఇక మీ అన్న సంగతి. ఆయన నమ్మలేదు. నిజాయితీగా నమ్మలేదు. నేను నమ్ముతున్నాను. నేనూ నిజాయితీగానే. పెళ్లయిన కొత్తలో ఆయనే అన్నాడు, "నాకు నచ్చిందని నీకు నచ్చక్కర్లేదు, నీ తల నీదే" అని. ఆ తలే ఇప్పుడు నీళ్లలో ముంచబోతున్నాను.

మార్చి మొదటి ఆదివారం, ఉదయం పదింటికి, మందిరంలో వేదిక వెనక తొట్టిలో. రా. నీకు ఇష్టం లేకపోతే రాకు. నేను మాత్రం దిగుతాను.

మీ వదిన

*

రెండో అంతస్తు
ఫిబ్రవరి, ఇంకా తెల్లవారలేదు

వదినా,

ఈసారి నిన్ను ఓడించాలని రాయడం లేదు.

నాకు నీ దేవుడితో పేచీ లేదు. ఉంటే ఉంటాడు, లేకపోతే లేడు. అన్నయ్య పేరు అడ్డం పెట్టుకుని ఇన్ని రోజులు రాశాను. అసలు సంగతి అది కాదు. నువ్వు ఫోనులో నవ్వావు. గట్టిగా, అన్నయ్య ఉన్నప్పుడు నవ్వినట్టు నవ్వావు. నేను రిసీవరు పెట్టేశాను.

ఆయన పోయినరోజు నేను నాలుగు గంటలు బస్సులో వచ్చాను. వచ్చేసరికి ఇంటినిండా జనం. అందరూ నీ చుట్టూ ఉన్నారు. నిన్ను పట్టుకుని ఏడుస్తున్నారు, నీ చేతులు పట్టుకుంటున్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఎవరో "కాస్త టీ పెట్టమ్మా" అన్నారు. పెట్టాను. రెండు రోజులు టీలు పెట్టాను, గ్లాసులు కడిగాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "నీ అన్న కదమ్మా, కూర్చో" అనలేదు. నువ్వూ అనలేదు.

అప్పటినించీ నాకు ఏడుపు రాలేదు. ఏడాది కావొస్తోంది. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. మొదటిసారి ఉద్యోగంలో చేరినప్పుడు బస్‌స్టాండులో నా పెట్టె మోస్తూ, అందరికీ వినబడేలా "మా చెల్లెలు టీచరు" అని అరిచాడు. అంతమనిషి పోతే నాకు ఒక్క చుక్క రాలేదు.

నీకు కోపం వస్తే తిట్టుకోడానికి ఒకరు దొరికారు. నాకెవరూ లేరు, నువ్వే ఉన్నావు. మనిద్దరం ఒకే బాధలో ఉన్నామనుకున్నాను. నువ్వు నవ్వావు. అంటే నువ్వు దాటేసి అవతలికి వెళ్లిపోయావు, నేను ఇక్కడే ఉండిపోయాను. నువ్వు నవ్వినప్పుడు అన్నయ్య రెండోసారి పోయినట్టయింది.

ఆ నీళ్లలోకి దిగకు వదినా. నేను బతిమాలుతున్నాను.

నీ ఆడపడుచు

*

షాపు పైన గది
ఫిబ్రవరి చివర

అమ్మలూ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు షాపు తీయలేదు.

నిన్ను కూర్చోబెట్టలేదు. నిజం. నీచేత టీ పెట్టించుకుని తాగాను, గ్లాసు ఎవరు అందిస్తున్నారో కూడా చూడలేదు. మొగుడు పోయినదాన్ని కాబట్టి దుఃఖమంతా నాదేననుకున్నాను. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. నీ ముందు నిలబడి ఒప్పుకుంటాను, కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను.

కానీ నవ్వినందుకు ఒప్పుకోను.

ఎందుకు నవ్వానో నువ్వు మర్చిపోయావు. ఆరోజు ఫోనులో నువ్వే చెప్పావు, మీ అన్న పదేళ్లప్పుడు హెడ్‌మాస్టరుగారి రేడియో వెనక మూత విప్పి, పాడేవాళ్లు ఇంతసేపు లోపల ఏం తింటున్నారని లోపలికి రొట్టెముక్క తోశాడని. అది విని నవ్వాను. నీ మాటకి, మీ అన్నకి నవ్వాను. ఆయన్ని వదిలేసి వెళ్తే అంత నవ్వు ఎలా వస్తుంది? పది నెలలపాటు ఆయన పేరు వింటే నాకు ఆ బల్లా, వాలిన తలా తప్ప ఇంకేమీ కనపడలేదు. ఆరోజు మొదటిసారి రొట్టెముక్క పట్టుకున్న ఆయన కనబడ్డాడు. ఆ మనిషిని నాకు తిరిగిచ్చింది ఆ సంతోషమే. దాన్ని వదులుకోమంటే ఆయన్నే వదులుకోమన్నట్టు.

నేను ఎక్కడికీ దాటేయలేదు. ఇప్పటికీ ఆయన చొక్కా ముట్టుకుంటే ఏడుస్తాను. ఏడుపూ ఉంది, నవ్వూ ఉంది. ఏడుపు ఒక్కటే మర్యాద, నవ్వు ద్రోహం అని ఎవరన్నా అంటే నేను వినను. నువ్వన్నా సరే.

కాబట్టి దిగుతాను. నీకోసం కూడా ఆగను. నువ్వంటే లెక్కలేక కాదు, ఇది దొంగతనంగా చేసే పని కాదు కాబట్టి. నీ గుమ్మం తొక్కొద్దన్నావు. వచ్చి గుమ్మం బయటే నిలబడతాను. నువ్వు తలుపు తీసేదాకా నిలబడతాను. ఎన్నాళ్లయినా సరే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నేను నీళ్లలో ఉంటే సెట్టు దగ్గర ఎవరూ ఉండరు. తొట్టికీ మైకుకీ మధ్య ఆరడుగులు ఉండాల్సిందేనని పాస్టరుగారితో పోట్లాడి స్టాండు దూరంగా పెట్టించాను. ఆయన బాప్తిస్మం గురించి చెబుతుంటే నేను కరెంటు గురించి చెబుతున్నాను. సెట్టు ఆ పది నిమిషాలు దానంతటది బుద్ధిగా ఉండాలి.

మీ వదిన

*

రెండో అంతస్తు, వీధి వైపు గది
మార్చి, ఆదివారం, బస్సు దిగి వచ్చి వెంటనే

వదినా,

నువ్వు నన్ను చూడలేదు. నేను వచ్చాను.

దిగొద్దన్నాను కదా, అయినా వచ్చాను. చివరి వరసలో స్తంభం వెనక కూర్చున్నాను. నిన్ను ఆపడానికే వచ్చానని చెప్పను, దీవించడానికి వచ్చాననీ చెప్పను. నువ్వు నవ్వుతావో లేదో చూద్దామని వచ్చాను. నీళ్లలోకి దిగేముందు నా ఉత్తరం గుర్తొచ్చి మొహం మాడ్చుకుంటావనుకున్నాను. అలా మాడ్చుకుంటే నేను గెలిచినట్టు.

నువ్వు తొట్టిలోకి దిగావు. నర్సమ్మ నీ కళ్లజోడు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఆ సెట్టు కుయ్యిమని కూత పెట్టింది. స్టాండుని దూరంగా జరిపించావే, ఎటు తిప్పి పెట్టారో చూసుకున్నావా? తిన్నగా హారను ఎదురుగా పెట్టారు! పాస్టరు చెవులు మూసుకున్నాడు, పిల్లలు నవ్వుతున్నారు, ఒకాయన వెళ్లి సెట్టుని చేత్తో తట్టాడు. తట్టడమేంటి, అదేమన్నా గేదెనా?

కూర్చోలేకపోయాను. అన్నయ్య సెట్టు అలా నలుగురిలో అరుస్తుంటే చూస్తూ ఎలా కూర్చుంటాను? లేచి వరండాలోకి వెళ్లాను. చిన్నప్పుడు ఆయన నాకు నేర్పిన పని అదొక్కటే. శబ్దం తగ్గించు, మైకు పక్కకి తిప్పు, మళ్లీ మెల్లగా పెంచు. ఆ తట్టే పెద్దమనిషిచేత మైకు తిప్పించాను. కూత ఆగిందో లేదో తెలియడానికి హెడ్‌ఫోను పెట్టుకున్నాను.

నీళ్ల చప్పుడు. తరవాత ఏమీ లేదు. తరవాత నువ్వు పైకొచ్చావు.

నవ్వావు. ఊపిరి అందక, దగ్గుతూ, ముక్కులోంచి నీళ్లు కారుతూ నవ్వావు. ఆ నవ్వు నా రెండు చెవుల్లో పడింది. ద్రోహం ఎక్కడుందో అని వెతికాను వదినా. ముప్పై నాలుగేళ్లు తప్పులు వెతికిన చెవి నాది. దొరకలేదు.

స్టూలు మీద కూలబడ్డాను. నాకు ఏడుపు వచ్చింది. ఏడాది తరవాత వచ్చింది, దగ్గినట్టు, గొంతు చించుకుని వచ్చింది. ముందు ఆ చిన్న మైకు కట్టేసి ఉందో లేదో చూసుకున్నాను, నీలాగా కాదు. ఎవరో ముసలావిడ వచ్చి భుజం మీద చెయ్యివేసి "కూర్చో అమ్మా, కూర్చో" అంది. నేను ఎవరినో ఆవిడకి తెలీదు. మైకుసెట్టు ఆయన చెల్లెల్నని చెప్పాను. "అయితే ఇంకాసేపు కూర్చో" అంది.

నువ్వు తల తుడుచుకుని వచ్చేలోపు బస్సెక్కేశాను. అప్పుడు నీ మొహం చూసి ఉంటే నేను కూడా నవ్వేదాన్నేమో. ఒకేరోజు రెండూ నాకు చేతకావు.

నేను నమ్మేశానని పొంగిపోకు. ఒక్క పాటా పాడలేదు, ఒక్కసారి కూడా తల వంచలేదు. నా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడక్కర్లేదు, నీ మోకాళ్లు కూడా అంతంతమాత్రమే. శనివారం నేనే వస్తున్నాను, వారం రోజులు ఉంటాను. టీ నువ్వే పెట్టాలి, నేను కూర్చుంటాను. నన్ను ప్రార్థనకి రమ్మని ఒక్కమాట అన్నావంటే మర్నాటి బస్సుకే వెనక్కి.

నీ దేవుణ్ణి మాత్రం ఆ వారమంతా ఇంట్లోనే ఉండమను. నేను చెల్లెల్ని, నేను తిట్టేదాని ముందు నువ్వు తిట్టింది ఏ మూలకీ సరిపోదు.

నీ ఆడపడుచు